తొడ విరిగితే తుంటినీ చూడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

గత శ్రావణ మాసంలో మా తమ్ముడు ఔటర్ రింగ్ రోడ్డుపై కారు ప్రమాదానికి గురయ్యాడు. మోకాలు డాష్‌బోర్డుకు బలంగా తగిలి తొడ ఎముక నడిమికి విరిగింది. నగరంలోని ఒక ఆసుపత్రిలో మర్నాడే రాడ్ వేశారు. గజ్జల్లో నొప్పి తగ్గడం లేదని వాడు రోజూ చెబుతూనే ఉన్నా, ఆపరేషన్ నొప్పి కొన్నాళ్లు ఉంటుందంటే మేమూ నమ్మాం. ఇరవయ్యో రోజున వాకర్ పట్టుకుని స్నానాల గదికి వెళ్తూ గడప దగ్గరే కూలబడ్డాడు. పాదం బయటికి తిరిగిపోయి కాలు పొట్టిగా కనిపించింది. తుంటి కీలు దగ్గర, తొడ ఎముక మెడ భాగం కూడా విరిగిందని అప్పుడు తేలింది. రెండో ఆసుపత్రిలో డాక్టరుగారు పాత ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూపించారు: ఫిల్ములో తొడ అంతా ఉంది, తుంటి మాత్రం అంచున సగమే పడింది.

ఇది మా ఒక్కరి దురదృష్టం కాదు. తొడ ఎముక నడిమికి విరిగిన వారిలో నూటికి 2 నుంచి 9 మందికి ఆ ఎముక మెడ కూడా విరుగుతుందనీ, అలాంటి పగుళ్లలో 20 నుంచి 50 శాతం దాకా మొదటి పరీక్షలో దొరకవనీ వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. దెబ్బ బలంలో ఎక్కువ భాగాన్ని తొడే భరించడం వల్ల మెడలోని పగులు తరచూ పక్కకు జరగకుండా సన్నని గీతలా ఉండిపోతుంది. ఆ పగులు పక్కకు జరిగితే, తుంటి కీలులో ఇమిడే గుండ్రని ఎముక తలకు మెడ వెంట వెళ్లే రక్తనాళాలు దెబ్బతిని, తల చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే చాలామంది సర్జన్లు ముందుగా మెడను స్క్రూలతోనో ప్లేటుతోనో బిగించి, తర్వాత మోకాలి వైపు నుంచి తొడకు రాడ్ వేస్తారు. రెంటికీ కలిపి పైనుంచి ఒకే పొడవైన రాడ్ వేసే పద్ధతీ ఉంది కానీ, దాన్ని దించేటప్పుడు మెడ కదిలిపోకుండా ఎంతో జాగ్రత్త కావాలి. ఏ పద్ధతైనా పగులు ముందే కనబడితేనే కదా!

ప్రమాదాల్లో తొడ విరిగిన ప్రతి రోగికీ పాదాన్ని కొద్దిగా లోపలికి తిప్పి తుంటి ఎక్స్‌రే, పలుచని పొరలతో సీటీ స్కాన్ తీయాలనీ, ఆపరేషన్ అయ్యాక మత్తు దిగకముందే బల్లమీదే తుంటిని మళ్లీ చూడాలనీ, ఆరోగ్యశ్రీ అనుమతికి ఆ చిత్రాలను తప్పనిసరి చేయాలనీ వైద్యారోగ్య శాఖను వేడుకుంటున్నాను. తమ్ముడికి రెండోసారి ఆపరేషన్ చేసి మెడను బిగించారు. ఎముక తలకు రక్తం అందుతోందో లేదో చూసేందుకు ఇప్పటికీ ఎక్స్‌రేలకు తిప్పుతూనే ఉన్నాం.

— ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్