దూడ ఒంటి మీద గడ్డలన్నీ లంపీ కావు

సంపాదకుల వారికి నమస్కారం.

పశువుల గడ్డల గురించి పేపర్లో ఎప్పుడు వార్త వచ్చినా అది లంపీ గురించే, అంటే జ్వరంతో పాటు ఒళ్లంతా గడ్డలు లేచే ఆ వైరస్ జబ్బు గురించే. రాయొద్దని కాదు. కానీ ఇప్పుడు దూడ మెడ మీద చిన్న బొడిపె లేచినా లంపీ అని కొందరు టెన్షన్ పడిపోతున్నారు. ఇంకొందరు జ్వరం లేదుగా, అదే పోతుందిలే అని వదిలేస్తున్నారు. పశువైద్య సహాయకుడిగా చేసి రిటైరైన వాణ్ని కాబట్టి ఈ నాలుగు మాటలు.

రెండేళ్లలోపు పశువుల్లో ఎక్కువగా చూసేది పులిపిర్లు. ముఖం, మెడ, భుజాల మీద కాలీఫ్లవర్ పువ్వులా గరుకుగా లేస్తాయి. వైరస్ వల్ల వచ్చే కణితులే అయినా, చాలావరకు కొన్ని నెలల్లో వాటంతట అవే రాలిపోతాయి. అయినా సరే, చూడగానే బ్లేడు తీసేవాళ్లున్నారు! ఇంకా పెరుగుతున్న దశలో కోస్తే మళ్లీ లేవొచ్చు. అసలు చూసుకోవాల్సింది మన చేతిలోని సామాను. కొమ్ము మొగ్గలు తీసే పరికరం, చెవికి ట్యాగు వేసే పట్టుకారు, సూది, పలుపుతాడు ఒక దూడకు వాడి, శుభ్రం చేయకుండానే పక్క దూడకు వాడేస్తాం. ఈ వైరస్ గీరుకుపోయిన చర్మంలోంచే లోపలికి దూరుతుంది. నెలలు గడిచాక మందలో దూడలన్నిటికీ పులిపిర్లు లేస్తే దాణాను తిట్టుకుంటాం.

అరుదుగా వచ్చేదీ, ప్రాణం తీసేదీ ఇంకొకటుంది. లింఫోసార్కోమా అనే క్యాన్సర్. ఏడాది దాటిన ఒక పెయ్యకు మెడ మొదట్లో, రొమ్ముకు కాస్త పైన వాపు వచ్చింది. పలుపు ఒరుసుకుపోయిందని అనుకున్నారు. చేత్తో నొక్కితే గట్టిగా ఉంది, వేడి లేదు, పెయ్య కదల్లేదు. సూది పెడితే చీము రాలేదు. మెడ నరం మాత్రం తాడులా ఉబ్బి ఉంది. అప్పటికే కడుపుబ్బరానికి ఎవరో మందులు తాగిస్తూనే ఉన్నారు. గొట్టం వేసి గాలి తీస్తే ఆ పూటకు తగ్గడం, మర్నాడు మళ్లీ ఉబ్బడం. జబ్బు కడుపులో లేదు. ఛాతీలోని థైమస్ గ్రంథిలో పెరిగిన కణితి ఆహారనాళాన్ని నొక్కేస్తోంది, అందుకే కడుపులో గాలి బయటికి రావట్లేదు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పశువుల్లో ఇది ఇలాగే వస్తుంది. ఇంకా చిన్న దూడల్లోనైతే ఒళ్లంతా రెండు వైపులా బిళ్లలు కడతాయి. ఏ రకమైనా బతికించడం కష్టం. అయితే ఈ వయసులో వచ్చేది పక్క దూడలకు అంటదు. పెద్ద ఆవుల్లో వైరస్ వల్ల వచ్చే, ఒకదాన్నుంచి ఒకదానికి అంటే ల్యుకోసిస్ అనే క్యాన్సర్ వేరు. ఈ తేడా తెలియక దొడ్డి మొత్తాన్ని అమ్ముకోవాలని చూసినవాళ్లను చూశాను.

అందుకే మీకో విన్నపం. ఈసారి లంపీ గురించి వేసేటప్పుడు పులిపిరి, చీముగడ్డ, క్యాన్సర్ వాపు ఫోటోలు కూడా పక్కపక్కనే వేయండి. ఏ గడ్డ కోసినా పారేయకుండా, ఒక ముక్క ఫార్మలిన్‌లో (కుళ్లిపోకుండా ఉంచే మందు నీళ్లలో) వేసి ల్యాబ్‌కు పంపమని డాక్టరును రైతే అడగాలని కూడా రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్య సహాయకుడు