ఒరేయ్ గడియారం, తాడు నా వెనకే పడింది

ఒరేయ్ గడియారం,

ముందే తిట్టకు. నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది, ఒప్పుకుంటున్నాను. రోజూ రాద్దామనుకోవడం, రాత్రి తొమ్మిది కొట్టేసరికి మంచం మీద బోర్లా పడిపోవడం. అయినా ఆలస్యం గురించి నాకు నీతులు చెప్పే అర్హత నీకుందా? నీకు ఆ పేరు ఎందుకు పెట్టామో ఒకసారి గుర్తు తెచ్చుకో.

ఇంటి విశేషాలు గబగబా చెప్పేస్తా. అమ్మ బాగుంది. మోకాలి నొప్పి తగ్గిందంటుంది గానీ మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటోంది. అక్క కొత్త ఉద్యోగంలో చేరింది, ఇంట్లో ఎవరి మాటా వినడం లేదు, అంటే సంతోషంగా ఉన్నట్టే. మేడ మీద ట్యాంకు మళ్లీ కారుతోంది. ఈసారి మాత్రం కింద ఎవరూ బకెట్ పెట్టలేదు. ఎందుకో నీకు నేను చెప్పాలా! ఇంతకంటే రాయను, ఈ కాగితం అక్క చదివే ప్రమాదం ఉంది.

ఇక అసలు సంగతి. అయిపోయిందిరా. ఈ 2024 ఆర్మీ ర్యాలీలో పరుగు పాసయ్యాను.

ఆగు, గంతులెయ్యకు. నాకూ గంతులెయ్యాలనే ఉంది. కానీ నాలుగు రోజులుగా ఒకడి వీపు నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు. ముఖం కాదు, వీపు. అది నీకు చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మొదట్నించీ చెప్తా. 1600 మీటర్లు, నాలుగు రౌండ్లు. 5 నిమిషాల 30 సెకన్లలో వస్తే 60 మార్కులు, 5:45 లోపు వస్తే 48. ఆ తర్వాత గీత మీద అడ్డంగా తాడు పడుతుంది, తాడుకి అవతల ఉన్నవాడు ఇంటికే. నువ్వు ఊరెళ్లే ముందు నీ వాచీతో నాకు మొదటిసారి టైము తీశావు కదా, 6:38. "ఇంకో 53 సెకన్లే కదరా, నేను చెప్పులు వెతుక్కునేంత సేపు" అన్నావు. మహానుభావా, ఆ 53 సెకన్లకి నాకు అయిదున్నర నెలలు పట్టింది.

అందులో మొదటి నెలన్నర శుద్ధ దండగ. రోజూ పొద్దున్నే లేచి 1600 ప్రాణం పెట్టి పరిగెత్తడం, టైము చూసుకోవడం, ఏడవడం. చదవడం మానేసి రోజూ పరీక్ష రాస్తే ఎలా ఉంటుంది? అలా. 6:12 దాకా వచ్చి ఆగిపోయింది. పైగా మోకాలి కింద ఎముక వెంబడి నొప్పి, వేలితో నొక్కితే చుక్కలు కనిపించేవి. గ్రౌండ్‌కి వచ్చే సీనియర్ ఒకతను నా అవస్థ చూసి ఒకటే అడిగాడు: "పరిగెత్తుతూ మాట్లాడగలవా?" "మాట్లాడేంత నెమ్మదిగా పరిగెత్తడం దేనికన్నా" అన్నాను. "నీకు లేనిది అదే" అన్నాడు.

దాంతో మొత్తం మార్చేశాను. వారంలో మూడు రోజులు అయిదారు కిలోమీటర్లు, పక్కవాడితో కబుర్లు చెప్పుకునేంత నెమ్మదిగా. ఒక రోజు 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 83 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాలు నడక. ఇంకో రోజు 200లు, అవి మాత్రం గట్టిగా. పూర్తి 1600 మూడు వారాలకి ఒక్కసారే. ఆ నెమ్మది పరుగుంది చూశావూ, ఎంత అవమానంరా బాబూ! వాకింగ్‌కి వచ్చే పెద్దాయన ఒకాయన నన్ను ఆపి "కాలు బెణికిందా బాబూ" అని పరామర్శించాడు. కానీ రెండున్నర నెలలు తిరిగేసరికి 5:52. నీ వాచీ బటన్ రెండుసార్లు నొక్కితే గానీ ఆగదు కాబట్టి నిజానికి 5:51 అని నా వాదన.

అక్కడ మళ్లీ ఆగిపోయింది. మూడుసార్లు పరిగెత్తితే మూడుసార్లూ 5:52, 5:53, 5:52. అప్పుడే కదా నీకు ఫోన్ చేసి గోల పెట్టింది. నువ్వేమో నీ అలవాటు ప్రకారం "శాస్త్రీయంగా నిరూపితం" అంటూ మొదలుపెట్టి, ఆ ఇంగ్లండ్ డాక్టరు కథ చెప్పావు. బానిస్టర్ అట, మైలు నాలుగు నిమిషాల్లోపు పరిగెత్తాలని పావు మైళ్లు పదేసి చొప్పున పరిగెత్తుతూ ఒక్కోటి 61 సెకన్ల దగ్గర ఇరుక్కుపోయాడట, విసుగొచ్చి స్కాట్లండ్ వెళ్లి కొండలెక్కాడట, తిరిగొచ్చి చూస్తే 59 అట. పక్కా కోత అనుకున్నాను. ఫోన్ పెట్టేసి వెతికితే నిజం! 1954 మే 6, మైలు 3 నిమిషాల 59.4 సెకన్లు. మన స్నేహంలో నువ్వు చెప్పినది నిజమని తేలడం ఇదే మొదలు, ఈ ఉత్తరం దాచుకో.

నేను కొండలేమీ ఎక్కలేదు. అదే వారం మెట్ల మీద కాలు మడతపడి నాలుగు రోజులు ఇంట్లో అందరినీ కసురుకుంటూ పడుకున్నాను. అయిదో రోజు నెమ్మదిగా కదిలి, ఇంకో వారం ఆగి పరిగెత్తితే 5:44! వాచీ పాడైపోయిందనుకుని ఊపి చూశాను.

సరే, నాలుగు రోజుల కిందటికి వద్దాం.

తెల్లారకముందే వరస. ఎత్తు చూశారు, కాగితాలు చూశారు, గుంపులు కట్టారు. నా గుంపులో రెండొందల మంది పైనే. గేటు దగ్గర వాచీలు తీసేయమన్నారు. నీ వాచీ సంచిలో పెడుతుంటే ఒరేయ్, నిజం చెప్తున్నా, కడుపులో ఏదో జారిపోయింది. అయిదున్నర నెలలు నా పరుగంతా ఆ వాచీలోనే ఉంది. అది లేకపోతే నేను ఎంత జోరులో పోతున్నానో నాకేం తెలుస్తుంది? పక్కన రెండొందల మంది ఊపిరి. ఒకడు దేవుడికి మొక్కుతున్నాడు, ఒకడు వాంతి చేసుకుంటున్నాడు, ఒకడు నవ్వుతున్నాడు ఊరికే.

విజిల్ కొట్టారు. గుంపంతా ఒక్కసారిగా ఎగిరి దూకింది. దొంగోడి వెనక పడ్డట్టు. నా పక్కనుంచి మోచేతులు, మడమలు, దుమ్ము. నా కాళ్లు కూడా వాళ్లతో పాటు లాగేస్తున్నాయి, టెన్షన్‌లో ఆపుకోవడం చాతకావడం లేదు. ఇలాగే పరిగెత్తితే రెండో రౌండ్‌కే పడిపోతానని తెలుసు, అయినా లాగుతున్నాయి. అదిగో అప్పుడు కనపడ్డాడు.

నాకు ముందు రెండు గజాల దూరంలో ఒకడు. చుట్టూ ఎవరేం చేస్తున్నా పట్టనట్టు, లోపలి గీతని అంటిపెట్టుకుని, ఒకటే లయలో పోతున్నాడు. తెల్ల బనియన్, రెండు భుజాల మధ్య బెత్తెడు చిరుగు, దాన్ని నల్లదారంతో కుట్టారు. కుట్టినవాళ్లకి తెల్లదారం దొరకలేదేమో. అడుగు వేసినప్పుడల్లా ఎడమ మడమ కొంచెం బయటికి విసురుతున్నాడు, టప్పున. వందల మంది దాటిపోతున్నా తల తిప్పలేదు. వీడికి లెక్క తెలుసురా అనిపించింది. వెనక చేరిపోయాను.

లోపలి గీత సంగతి నీకు చెప్పానో లేదో. ఒక్క మీటరు బయటికి జరిగి పరిగెత్తితే రౌండుకి ఆరు మీటర్లకు పైగా ఎక్కువ పడుతుంది. నాలుగు రౌండ్లకి పాతిక మీటర్లు. నా జోరుకి అది అయిదు సెకన్ల పైమాట. దాటుదామని బయట బయట పోయేవాళ్లంతా మనకంటే దూరం పరిగెత్తుతున్నారన్నమాట. ఆ కుర్రాడు ఆ గీత వదల్లేదు. నేను ఆ నల్ల కుట్టు వదల్లేదు.

మొదటి రౌండ్ అయ్యేసరికి మైకులో "ఒకటీ ఇరవై నాలుగు". నేను కాగితం మీద రాసుకున్నది 83! వాచీ లేకుండా! అప్పుడే ముందు పారిపోయినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి రావడం మొదలైంది, నోళ్లు తెరుచుకుని, నడుముల మీద చేతులు వేసుకుని. రెండో రౌండ్ "రెండూ యాభై". బాగానే ఉంది. నేను ఆలోచించడం కూడా మానేశానురా. కుట్టు, మడమ, కుట్టు, మడమ. లెక్కంతా వాడు మోస్తున్నాడు, నేను వాడి వెనక ఖాళీ బుర్రతో పోతున్నాను.

మూడో రౌండ్ గురించి ఏం చెప్పను. ఊపిరి గొంతులో గీసుకుపోతుంది, ఇంకా ఒక రౌండుందని గుర్తొస్తుంది, కాళ్లు మనవి కావు. నీ బానిస్టర్‌కి కూడా నాలుగు రౌండ్లలో మూడోదే అన్నిటికంటే నెమ్మదట, అది కూడా చూశాను. కుట్టు బనియన్ కొంచెం కొంచెంగా తగ్గుతున్నాడు. నాకు తెలియలేదు, ఎందుకంటే నేనూ వాడితో పాటే తగ్గుతున్నాను. మైకులో "నాలుగూ పందొమ్మిది" అన్నారు.

ఒక్కసారి మెలకువ వచ్చినట్టయింది. 5:45లో 4:19 తీసేస్తే 86. సరిగ్గా 86. ఈ జోరుకి చాలదు. వాడికి తెలిసిందో లేదో, తెలిసీ కాళ్లు రాలేదో. నేను ఇంకో నూటయాభై మీటర్లు వాడి వెనకే ఉన్నాను. ఎందుకున్నానో నాకే తెలీదు. ఇంతసేపు వాడి వెనక వచ్చి ఇప్పుడు దాటడం ఏదోలా అనిపించింది, నవ్వకు, నిజంగానే. చివరి 200 మొదలయ్యేచోట బయటికి వచ్చి దాటాను. దాటేటప్పుడు ముఖం చూడలేదు. ముందుకే చూస్తున్నాను. ఆ 200లు అన్ని వారాలు కొట్టింది దీనికే కదా, చేతులు ఊపి కాళ్లని లాక్కుపోయాను. వెనక వాడి మడమ టప్పు టప్పుమనడం వినిపిస్తోంది. నాతోనే వస్తున్నాడు, దగ్గర్లోనే ఉన్నాడు.

గీత దాటాను. వీపుకి ఏదో తగిలింది. తాడు.

వెనక్కి తిరిగి చూస్తే తాడుకి అవతల నలుగురో అయిదుగురో, తాడు పట్టుకుని వంగిపోయి రొప్పుతున్నారు. అందరి తలలూ నేల మీదికే ఉన్నాయి. అందరికీ తెల్ల బనియన్లే. వాడి ముఖం నాకు తెలియదు కదరా! నాకు తెలిసింది వీపు. అందరూ నాకు ఎదురుగా ఉన్నారు.

మమ్మల్ని ఒక పక్కకి తోలారు, వాళ్లని ఇంకో గేటు వైపు. బీమ్ కొట్టాలి, అంటే కడ్డీకి వేలాడి గడ్డం దాకా లాక్కోవాలి, తొమ్మిది అడుగుల గొయ్యి దూకాలి. గొయ్యి దూకాను. బీమ్ ఎనిమిది లాగాను, తొమ్మిదోదానికి గడ్డం అందలేదు. అవి ఎలా చేశానో కూడా గుర్తులేదు. బయటికొచ్చాక సంచి తీసుకుని ఆ రెండో గేటు వైపు పరిగెత్తాను. (ఇంకా పరిగెత్తే ఓపిక ఎక్కడిదో!) అక్కడ కొన్ని వందల మంది, అందరూ చొక్కాలు వేసేసుకున్నారు. కుట్టు కనపడదు. ఇక మిగిలింది మడమ. నడిచేవాళ్ల వెనకాల వంగి కాళ్లు చూసుకుంటూ తిరిగాను. ఒకడు గిరుక్కున తిరిగి "ఏం కావాలి?" అన్నాడు. ఇంకొకడు జేబు గట్టిగా పట్టుకున్నాడు. నువ్వుండి ఉంటే అక్కడే పడి దొర్లి నవ్వేవాడివి. ఓ గంట తిరిగాను. కనపడలేదు.

కనపడితే ఏమనేవాణ్ణి? థాంక్స్ అంటానా, సారీ అంటానా? "నీ వీపు చూసుకుంటూ పాసయ్యాను" అంటే కొట్టేవాడేమో. ఇంటికొచ్చాక అక్కతో చెప్తే "నువ్వు దాటకపోతే ఇద్దరూ పోయేవాళ్లు, అంతేగా" అంది. అంతే. లెక్క ప్రకారం అంతే. కానీ ముందున్నవాడికి గాలి కంటే లెక్క బరువెక్కువరా. మూడు రౌండ్లు వాడొక్కడే ఎంత జోరు, ఎంత జోరు అని మోశాడు. నేను ఒక్క రౌండ్ ముందుండి ఉంటే, మూడోదాంట్లో అయినా, అప్పుడు వాడు నా వెనక ఖాళీ బుర్రతో... సరేలే. వాడికి నేను వెనకున్నట్టు కూడా తెలియదేమో.

నా అసలు టైము కూడా నాకు తెలియదు. 5:45 లోపు వచ్చినవాళ్ల గుంపు, 48 మార్కులు అన్నారంతే. 5:43 అనుకో, 5:44 అనుకో.

ఇక్కడిదాకా రాత్రి రాశాను, నిద్రొచ్చి ఆపేశాను. ఇప్పుడు మెడికల్ వరసలో నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు, కాగితం ముందువాడి వీపు మీద పెట్టాను. పాపం ఏమనలేదు. చెవులు శుభ్రం చేయించుకు రమ్మన్నారు, చేయించుకున్నాను. పళ్లు లెక్కపెడతారట. మన ఆ పన్ను సంగతి అడిగితే నీ పేరే చెప్తా.

తాడు అవతలే ఆగినవాడు ఈ వరసలోకి రాడని తెలుసు. అయినా పొద్దుట్నించీ అందరి మడమలే చూస్తున్నాను. ముందువాడివి తిన్నగా ఉన్నాయి. వాడి ముందువాడివీ అంతే.

ఒరేయ్, నా నెంబరు పిలుస్తున్నారు. పెన్ను పక్కవాడిది, ఇచ్చెయ్యాలి. నీ వాచీ మాత్రం