వేప గింజ ఏ చెట్టుదో చూసి నాటండి

సంపాదకుడు గారికి నమస్కారం.

2021లో తెలంగాణలో వేపచెట్లు కొసల నుంచి మాడిపోతుంటే మా ఊళ్లో ‘మనుషులదైపోయింది, ఇక చెట్లకు కరోనా’ అనుకున్నాం. అది ఫోమాప్సిస్ అనే బూజు తెగులని, చిగుళ్ల రసం పీల్చే టీ దోమ కూడా దానికి తోడైందని శాస్త్రవేత్తలు చెప్పారు. వేపనూనెతో బూజు తెగుళ్లను ఆపే పద్ధతి మీద యూరప్‌లో పేటెంట్ ఇస్తే, మనవాళ్లు కూడా కలిసి పోరాడి 2000లో రద్దు చేయించారు. 2005లో అప్పీలూ వీగిపోయింది. అలాంటి వేపకే బూజు పట్టింది! చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగురించాయి. తొందరపడి కొట్టేసినవి మాత్రం పోయాయి.

మా చెరువుకట్ట మీద పక్కపక్కనే రెండు వేపలున్నాయి. ఆ ఏడు ఒకటి మోడైంది, రెండోది పచ్చగానే నిలిచింది. అదృష్టమో, పుట్టుకతో వచ్చిన బలమో పరీక్షిస్తేనే తేలుతుంది. వేపపూత మీద తేనెటీగలు వాలి, ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టుకు చేరుస్తాయి. కాకులు, గోరింకలు, పికిలిపిట్టలు పండ్లు తిని గింజల్ని ఎక్కడో విడుస్తాయి. అలా పాత ఊళ్లలో రకరకాల తల్లుల పిల్లలు కలిసి పెరిగాయి. తెగులు వచ్చినా అన్నీ ఒకేసారి పడిపోకుండా కాసేది ఈ తేడానే.

మరి మనమేం చేస్తున్నాం? నేను చూసిన ఒక నర్సరీలో, ఆవరణలో ఉన్న ఒక్క చెట్టు కింద ఊడ్చిన గింజలతోనే వేల కవర్లు నింపారు. రోడ్డు పొడవునా ఒకే తల్లి పిల్లలన్నమాట. ఇంకోచోట మలబార్ వేప నాటి వేప లెక్కలో రాసుకున్నారు. ప్లైవుడ్‌కు పెంచే ఆ చెట్టు జాతే వేరు. దాని గింజలతో ఏ రైతూ పురుగుమందు కషాయం చేసుకోడు, దాని పువ్వుతో ఉగాది పచ్చడీ కాదు.

వేప ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర వృక్షం కూడా. కాబట్టి రెండు రాష్ట్రాల అటవీశాఖలకూ, పంచాయతీ నర్సరీలకూ నా మనవి: తెగులు కనిపించే నెలల్లోనే పచ్చగా నిలిచిన చెట్లకు గుర్తు పెట్టండి. జూన్, జూలైల్లో పండ్లు రాలగానే నాలుగైదు ఊళ్ల నుంచి, కనీసం పాతిక చెట్ల గింజలు తెచ్చి కలపండి. వేపగింజకు మొలిచే శక్తి కొన్ని వారాలే ఉంటుంది, బస్తాల్లో దాచి మరుసటి ఏడు చల్లితే లాభం లేదు. ఉపాధి హామీ కూలీలకు అప్పగిస్తే ఖర్చూ పెద్దగా కాదు. ఏ చెట్టు ఎక్కడుందో వాళ్లకే బాగా తెలుసు.

మా కట్ట మీది పచ్చ చెట్టుకు నేనే సున్నంతో గుర్తు పెట్టాను. గింజలు కావాలంటే వచ్చి ఏరుకోవచ్చు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా