వైరస్‌లను అడ్డుకునే చక్కెరలు: తిరుపతిలోనే పరీక్షించాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

వానలు మొదలైనప్పటి నుంచి మీ పత్రిక జిల్లా పేజీల్లో డెంగ్యూ, విషజ్వరాల వార్తలు వస్తున్నాయి. సముద్రపు నాచులోని చక్కెర వైరస్‌లను అడ్డుకుంటుందనే చిన్న వార్తలు కూడా అప్పుడప్పుడూ పత్రికల్లో కనిపిస్తున్నాయి. ఈ రెండో రకం వార్తల వెనుక నిజమైన శాస్త్రమే ఉంది. అయితే అది నాలుగు వాక్యాల్లో తేలిపోయే విషయం కాదు. చిత్తూరు జిల్లాలో పశువైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న నాకు, ఈ శాస్త్రంలోని ఒక ముఖ్యమైన హెచ్చరిక పశువైద్య రంగం నుంచే వచ్చిందని తెలుసు. అది సాధారణ పాఠకుల దాకా చేరడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

మన కణాల పైపొర నున్నగా ఉండదు. చక్కెర అణువులు ఒకదానికొకటి ముడిపడి ఏర్పడిన పొడవైన గొలుసులు దాని మీద నూగులా పరుచుకుని ఉంటాయి. వాటిలో హెపరాన్ సల్ఫేట్ అనే గొలుసు దాదాపు అన్ని జంతు కణాల మీదా కనిపిస్తుంది. సల్ఫేట్ల వల్ల దానికి రుణావేశం ఎక్కువ. అనేక వైరస్‌ల పైతొడుగు ప్రోటీన్లలో ధనావేశం గల భాగాలు ఉంటాయి కనుక, అవి ముందుగా ఈ గొలుసును పట్టుకుని నిలదొక్కుకుని, ఆ తర్వాతే కణం లోపలికి దారి ఇచ్చే అసలు గ్రాహకాన్ని వెతుక్కుంటాయి. చేని గట్టున నడిచేవారి పంచెకు ఉత్తరేణి గింజలు అంటుకునే తీరు ఇది. ముందుగా ఒక గొంగడిని ఆ గట్టు మీద ఈడ్చుకుంటూ పోతే గింజలు చాలావరకు దానికే పట్టుకుంటాయి. బయటి నుంచి ఇచ్చే సల్ఫేట్ చక్కెరలు చేయవలసిన పని ఆ గొంగడి పనే.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. రక్తం గడ్డకట్టకుండా ఆసుపత్రుల్లో వాడే హెపారిన్, హెపరాన్ సల్ఫేట్‌కు చాలా దగ్గరి చక్కెర. అది హెర్పిస్ వైరస్‌ను అడ్డుకుంటుందని 1964లోనే ప్రచురితమైంది. హెర్పిస్ వైరస్ కణాల మీది హెపరాన్ సల్ఫేట్‌నే పట్టుకుంటుందని 1989లో, డెంగ్యూ వైరస్‌కూ ఆ అలవాటు ఉందని 1997లో తేలింది. కరోనా వైరస్ కొమ్ము ప్రోటీన్‌కు కూడా ఈ గొలుసు అవసరమని 2020లో వెల్లడైన తర్వాత, నాచు నుంచి తీసే ఫ్యుకోయిడాన్, కారగీనన్ వంటి చక్కెరల మీద ఆసక్తి ఒక్కసారిగా పెరిగింది.

ఫ్లూ వైరస్‌లు పట్టుకునేది వేరే చక్కెరను, సయాలిక్ ఆమ్లాన్ని. అది తన కింది చక్కెరతో ఏ స్థానంలో ముడిపడి ఉందన్న చిన్న తేడా పక్షికీ మనిషికీ మధ్య పెద్ద అడ్డుగోడగా నిలుస్తోంది. పక్షుల ఫ్లూ వైరస్‌కు నచ్చే ముడి కోళ్ల, బాతుల పేగుల్లో సమృద్ధిగా ఉంటుంది. మన ముక్కులో, గొంతులో ఎక్కువగా ఉండేది మరొక రకం ముడి. 2024 ఫిబ్రవరిలో పొరుగున ఉన్న నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూతో కోళ్లు చనిపోయినప్పుడు మనుషులకు ఆ జబ్బు సులభంగా సోకకపోవడానికి గల కారణాల్లో ఇదొకటి. పల్లెల్లో పెరటి కోళ్లను తుడిచిపెట్టే కొక్కెర తెగులు వైరస్ కూడా సయాలిక్ ఆమ్లాన్నే ఆశ్రయిస్తుంది.

ఇక హెచ్చరిక సంగతి. మన పాడి రైతులకు గాలికుంటు వ్యాధి గురించి చెప్పనక్కర్లేదు. పశువు నాలుక మీద, గిట్టల సందుల్లో పుండ్లు పుట్టించే ఆ వైరస్ సహజ స్థితిలో కణాల్లోకి ప్రవేశించేది ఇంటెగ్రిన్లనే ప్రోటీన్ల ద్వారా. కానీ అదే వైరస్‌ను ప్రయోగశాలలో సీసాల్లోని కణాల మీద తరం తర్వాత తరం పెంచితే, అది మారిపోయి హెపరాన్ సల్ఫేట్‌ను గట్టిగా పట్టుకోవడం అలవాటు చేసుకుంటుంది. అలా మారిన వైరస్‌ను పశువులకు ఎక్కిస్తే జబ్బు తీవ్రత తగ్గిపోయిందని 1990లలోనే తెలిసింది. డెంగ్యూ సహా మరికొన్ని వైరస్‌లలోనూ ఇటువంటి మార్పు కనిపించింది. దీని అర్థం ఎంత పెద్దదో పాఠకులు గమనించాలి. సీసాలో పెరిగి చక్కెరకు అలవాటు పడిన వైరస్‌ను చక్కెరతో ఆపడం సులువే. ఆ ఫలితాన్ని చూసి మందు దొరికిందనుకుంటే, రోగి రక్తంలోంచి, పశువు పుండులోంచి నేరుగా వచ్చిన వైరస్ దాన్ని ఖాతరు చేయకపోవచ్చు. నా దృష్టిలో ఈ రంగంలోని ఏ వార్తనైనా తూచవలసిన మొదటి తూనికరాయి ఇదే.

సీసాలో గెలిచి మనుషుల్లో ఓడిన అనుభవం ఇప్పటికే ఉంది. హెచ్ఐవీ సోకకుండా మహిళలు వాడేందుకు తయారుచేసిన సెల్యులోజ్ సల్ఫేట్ జెల్‌ను ఆఫ్రికా దేశాలతో పాటు మన దేశంలోనూ పరీక్షించారు. జెల్ వాడినవారికి మేలు జరగకపోగా కీడు జరుగుతుందేమోనన్న సూచనలు కనిపించడంతో 2007లో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. దక్షిణాఫ్రికాలో 6 వేల మందికి పైగా మహిళలతో జరిగిన కారగీనన్ జెల్ పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. జెల్ వల్ల హాని లేదు, కానీ రక్షణా లేదు. దీనికి భిన్నంగా, కరోనా కాలంలో అర్జెంటీనాలో 394 మంది ఆసుపత్రి సిబ్బంది మీద కారగీనన్ ముక్కు స్ప్రేను పరీక్షించినప్పుడు, స్ప్రే వాడిన 196 మందిలో ఇద్దరికి, కారగీనన్ లేని ఉత్త స్ప్రే వాడిన 198 మందిలో పది మందికి జబ్బు సోకింది. ఇది చిన్న పరీక్ష. అయినా వైరస్ మొదట దిగే చోటనే చక్కెరను ఉంచడం మంచి ఆలోచనేనని నాకు నమ్మకం కలిగించింది.

ఈ చోటు అన్న మాటను నేను నొక్కి చెబుతున్నాను. ఇవి పెద్ద అణువులు. మింగితే రక్తంలోకి సరిగా చేరవు. నాచు పొడి తాగితే జ్వరాలు రావని ఎవరైనా అమ్మితే దయచేసి నమ్మవద్దు. హెపారిన్ డెంగ్యూ వైరస్‌ను సీసాలో ఆపుతుంది కదా అని ప్లేట్‌లెట్లు పడిపోతున్న రోగికి దాన్ని ఇస్తే రక్తస్రావంతో ప్రాణం మీదికి వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే ఆ గుణం లేని, వైరస్‌ను మాత్రమే పట్టుకునే చక్కెరలను తయారుచేయడమే ఇప్పుడు శాస్త్రవేత్తల ముందున్న కష్టమైన పని.

ఆ పనికి కావలసినవన్నీ ఒకే ఊళ్లో ఉన్న చోట్లు దేశంలో ఎక్కువ లేవు. తిరుపతి అలాంటి ఊరు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీ విభాగం ఉంది. స్విమ్స్‌లోని వైరస్ నిర్ధారణ ప్రయోగశాల 2020లో రాష్ట్రంలో కరోనా పరీక్షలు తొలుత మొదలైన చోట్లలో ఒకటి. రుయా ఆసుపత్రికి రాయలసీమ నలుమూలల నుంచీ రోగులు వస్తారు. చక్కెరల రసాయనాన్ని విడదీసి చూడగల కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్, పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఉన్నాయి. తిరుపతి జిల్లాకు పులికాట్ వైపు సముద్ర తీరం ఉంది. కారగీనన్ ఇచ్చే నాచును పొరుగున తమిళనాడులో రామనాథపురం తీరాన ఇప్పటికే సాగు చేస్తున్నారు. ఇన్ని ఉండి, ఏ సంస్థకు ఆ సంస్థ విడిగా పనిచేసుకుంటే ప్రయోజనం లేదు. రోగుల నుంచి అప్పుడే సేకరించిన వైరస్ నమూనాలు రసాయన శాస్త్రవేత్త చేసిన చక్కెరతో కలిసేది ఉమ్మడి కార్యక్రమం ఉన్నప్పుడే.

మొదలు ఎక్కడన్న ప్రశ్నకు పశువైద్యుడిగా నా సమాధానం కొక్కెర తెగులు. గాలికుంటు వైరస్‌తో పనిచేయడానికి ప్రత్యేక భద్రత గల ప్రయోగశాల కావాలి కనుక దాన్ని భువనేశ్వర్ దగ్గరున్న జాతీయ సంస్థకు వదలవచ్చు. కొక్కెర తెగులుకు టీకా ఉన్నా అది మారుమూల పెరళ్లకు సమయానికి అందడం లేదు. కోడి కళ్లలో, ముక్కులో వేసే చక్కెర చుక్కలు పని చేస్తాయో లేదో, పల్లెల నుంచి తెచ్చిన తాజా వైరస్‌తో, సరైన భద్రతా ఏర్పాట్ల మధ్య, పశువైద్య విశ్వవిద్యాలయంలోనే తేల్చవచ్చు. అక్కడ నేర్చుకున్నది మనుషుల ముక్కు స్ప్రేలకు ఉపయోగపడుతుంది. పని చేయదని తేలినా ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించాలి.

ఇందుకు రాష్ట్ర ప్రభుత్వం నిధులు కేటాయించాలని, ఆయా సంస్థల అధిపతులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను. చక్కెరతో వైరస్‌కు చెక్ అన్న వార్త మీ దగ్గరకు వచ్చినప్పుడు, పరీక్ష జరిగింది సీసాలోనా, జంతువుల్లోనా, మనుషుల్లోనా, వాడిన వైరస్ ఎక్కడి నుంచి వచ్చింది అన్నవి విలేకరుల చేత అడిగించి, ఆ సమాధానాలతో సహా ప్రచురించాలని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత పశువైద్యాధికారి,
చిత్తూరు