ఎర్ర పండ్లు ఉండగానే రా

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్‌రా? నేను పాడేరు వచ్చి పది రోజులైంది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పటి నుంచీ ఇదే జిల్లా కేంద్రం కదా, ఊళ్లో సందడి బాగానే ఉంది. నాలుగు అడుగులు దాటితే మాత్రం కొండలూ మంచూ.

నిన్న మేముంటున్న ఇంటి అక్కతో కాఫీ తోటకి వెళ్లాను. తోటంటే అడవేరా! పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. సంబరంకొద్దీ ఒక రెమ్మ పట్టుకుని దూసేశాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. దోసిట్లోంచి పచ్చివీ, దోరవీ ఏరి పక్కన పెట్టింది. బాగా ఎర్రబడినవే కొయ్యాలట, పచ్చివి కలిస్తే కాఫీ వగరెక్కుతుందట. ఒకే గుత్తిలో రెండూ ఉంటాయి, అందుకే ఒక్కో మొక్క దగ్గరికి మూడు నాలుగుసార్లు తిరగాలి. ఒక పండు నోట్లో వేసుకున్నాను. జిగటగా, తియ్యగా ఉంది, లోపల రెండు గింజలు. కాఫీ వాసన లేనే లేదు, అది గింజ వేయించాకే పుడుతుంది.

కోసినవాటికి తొక్క తీసి, తొట్లో ఊరబెట్టి, జిగురు పోయేదాకా కడిగి ఎండబెడతారు. పండుని అలాగే ఎండబెడితే పని తక్కువే, కానీ ధరా తగ్గుతుంది. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అదేరా, పండే ప్రాంతం పేరు మీద ఇచ్చే గుర్తింపు, వచ్చిందని మనం పేపర్లో చదివాం గానీ, ఇంత చాకిరీ ఉందని నాకు తెలీదురా. అక్క వేళ్లు జిగురుతో నల్లబడిపోయాయి.

సంతలో రాజ్మా, పసుపు, పిప్పళ్లు, అడ్డాకుల కట్టలు. అమ్మకి రెండు కిలోల రాజ్మా తీసుకున్నాను, రాత్రి నానబెట్టమని చెప్పు.

అన్నట్టు, దారిలో పసుపుపచ్చగా వలిసె పూల చేలు కనిపిస్తాయి. ఫోటో తీసుకో గానీ చేలోకి దిగొద్దు. అది నూనెగింజల పంట, తొక్కితే ఆ రైతుకే నష్టం.

సంక్రాంతి దాటితే చెట్ల మీద పెద్దగా పండ్లు మిగలవు. సెలవు పెట్టి ఈలోపే రా. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి అరకులో దిగు, నేను స్టేషన్‌కి వస్తాను. స్వెట్టర్ మర్చిపోకు.

నీ
రాము