వాద్యాల కొట్టు మూతపడితే మరమ్మతులకు దిక్కెవరు?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

పాలకొల్లులో మూడు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్న సంగీత వాద్యాల కొట్టు ఈ ఏడాదితో మూతపడనున్నదని తెలిసి, ఆ విషయాన్ని మీ పత్రిక ద్వారా దేవాదాయ శాఖ, పురపాలక సంఘం, ఈ ప్రాంతపు కళాభిమానుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. నేను ఆ కుటుంబానికి బంధువును కాను, కొట్టులో నాకు వాటా లేదు. పక్క ఊళ్ళో భజన బృందంతో తిరిగే విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మా బృందం హార్మోనియం అక్కడ కొన్నదే. పాడైన ప్రతిసారీ బాగుచేయించుకున్నదీ అక్కడే.

కొట్టు ఈ స్థితికి రావడానికి కారణాలు అందరికీ తెలిసినవే. కీబోర్డు, గిటారు కావలసిన పిల్లలు ఫోనులోనే ఆర్డరు పెట్టుకుంటున్నారు. యజమానికి అరవై దాటాయి, ఆయన పిల్లలు హైదరాబాదులో ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. భవన యజమాని పాత కట్టడం పడగొట్టి కొత్తది కట్టుకుంటానంటున్నారు. ఆస్తి ఆయనది, అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. కాని కొత్త భవనంలో గది తీసుకోవాలంటే అడిగే అడ్వాన్సు, అద్దె తబలాలు, డోలక్‌లు అమ్ముకునేవారికి అందేవి కావు.

అమ్మకాల మాట పక్కన పెడదాం. కొత్త వాద్యం ఎక్కడైనా దొరుకుతుంది. మనం పోగొట్టుకోబోయేది ఆ కొట్టు వెనక గదిలో ఉన్న మరమ్మతు బల్లను, దాని దగ్గర జరిగే పనిని. శ్రుతి తప్పిన హార్మోనియాన్ని అక్కడ సరిచేస్తుండగా పక్కన కూర్చుని చూసినవాణ్ణి కనుక కొంచెం వివరంగా చెబుతాను. ముందు పెట్టె విప్పి, అపస్వరం పలుకుతున్న ఇత్తడి రీడు (గాలికి అదిరి స్వరమిచ్చే నాలుక ఉన్న పట్టీ) ఏదో పట్టుకుంటారు. దాని నాలుక కింద పలచని రేకు దూర్చి, సన్నని ఆకురాయితో అతి తేలికగా గీస్తారు. కొస దగ్గర గీస్తే స్వరం పైకి వెళుతుంది, మొదలు దగ్గర గీస్తే కిందికి దిగుతుంది. ఒక గీత ఎక్కువైతే రెండో చోట గీసి సర్దాలి, అదీ మితిమీరితే నాలుక బలహీనపడి కొన్నాళ్ళకు విరుగుతుంది. గీసిన ప్రతిసారీ తిత్తి వేసి, పక్క స్వరంతో కలిపి విని, మళ్ళీ విప్పుతారు. ఒక్క రీడుకే ఇంత పని ఉంటుంది. ఈ విద్యను ఆ యజమాని తండ్రి దగ్గర, ఆయన తన తండ్రి దగ్గర నేర్చుకున్నారు. ఇప్పుడు నేర్చుకుంటున్నవారు ఒక్కరూ లేరు.

పైగా మన డెల్టా గాలి వాద్యాలకు పడదు. సార్వా (వానాకాలపు వరి) నాట్లు మొదలైన దగ్గర నుంచి తుపానుల కాలం ముగిసేదాకా తేమ తగ్గదు. రీడ్ల మరలు తుప్పు పడతాయి, తిత్తికి బూజు పడుతుంది, మృదంగం, డోలు, డోలక్ చర్మాలు జారి శ్రుతి నిలవదు. మృదంగం ఎడమ వైపు రవ్వ ముద్ద వాయించేవారే పెట్టుకుంటారు గాని, కుడి వైపు నల్లని మందును పొర మీద పొరగా రుద్ది ఎక్కించడం, చర్మం మార్చి వార్లు బిగించడం నేర్పరులకే సాధ్యం. ఇలాంటి పని కోసం ఇకపై మనవాళ్ళు వాద్యాలు మోసుకుని విజయవాడ రైలెక్కవలసి వస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్న పెట్టెలో ఒక రీడు పగిలితే పెట్టె మొత్తం తిప్పి పంపమంటారు, అదీ గడువు లోపల అయితేనే.

ఆ బల్ల దగ్గరికి వచ్చేవారిలో పద్య నాటక సమాజాలవారు, హరికథకులు, సన్నాయి, డోలు విద్వాంసులు, ఆదివారం ఆరాధనలో డోలక్, కీబోర్డు వాయించే కుర్రవాళ్ళు అందరూ ఉంటారు. శ్రీరామనవమికి ముందూ, క్రిస్మస్‌కు ముందూ అక్కడ రద్దీ ఒకేలా ఉంటుంది. హార్మోనియం మన సంగీతానికి తగదని ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించి, 1971 వరకు స్టూడియోలోకి రానివ్వలేదు. ఆ మూడు దశాబ్దాలూ మన పల్లెల్లో అది లేకుండా పద్య నాటకానికి తెర లేచింది లేదు. నాలుగు శ్రుతిలో, అంటే హెచ్చు స్థాయిలో, పద్యం ఎత్తుకునే నటుడికి పెట్టె సరిగా పలకకపోతే ఏమవుతుందో నాటకాలు చూసినవారికి చెప్పనక్కరలేదు.

డెల్టా సంగీత వైభవం గురించి మనం సభల్లో తరచు చెప్పుకుంటాం. బాలమురళీకృష్ణ శంకరగుప్తంలో, ఈమని శంకరశాస్త్రి ద్రాక్షారామంలో, చిట్టిబాబు కాకినాడలో పుట్టారంటాం. 1969లో మాండలిన్ శ్రీనివాస్ పుట్టింది ఈ పాలకొల్లులోనే. ఆయన పేరును ఈ కొట్టుకు ముడిపెట్టి గొప్పలు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆరేళ్ళ పిల్లవాడు తండ్రి మాండలిన్ అందుకుని మీటగలిగాడంటే ఆ ఇంట్లో పలికే మాండలిన్ ఒకటి ఉండబట్టే గదా. ఊరిలో వాద్యాలు పలికే స్థితిలో ఉంచేవారు లేనప్పుడు అటువంటి పిల్లవాడి చేతికి ఏమందుతుంది?

ప్రభుత్వ సాయం సంగతికి వస్తే, చేతివృత్తులవారి కోసం కేంద్రం 2023 సెప్టెంబరులో ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, పడవలు చేసేవారు, వలలు అల్లేవారు, పూలదండలు కట్టేవారు అందులో ఉన్నారు, ఉండవలసిందే. వాద్యాలు తయారుచేసేవారికీ, బాగుచేసేవారికీ మాత్రం అందులో ప్రత్యేకంగా చోటు లేదు. పనిముట్లకు 15 వేల రూపాయల సాయం, తక్కువ వడ్డీకి రుణం ఇచ్చే ఆ పథకంలో ఈ వృత్తినీ చేర్చాలని మన పార్లమెంటు సభ్యులు అడగాలి. అది తేలడానికి ఎంతకాలం పడుతుందో గాని, స్థానికంగా వెంటనే చేయగలిగినవీ ఉన్నాయి. చుట్టుపక్కల దేవాలయాల్లోని డోళ్ళు, సన్నాయిలు, శ్రుతి పెట్టెల వార్షిక మరమ్మతును దేవాదాయ శాఖ లిఖితపూర్వకంగా ఈ కొట్టుకు అప్పగిస్తే, ఏడాది పొడవునా కొంత నికరమైన పని ఉంటుంది. పురపాలక సంఘం దుకాణ సముదాయాల్లో గదులు వేలంలో పోతాయని నాకు తెలుసు. నిబంధనలు అనుమతించే మేరకు, భరించగలిగే అద్దెకు ఒక చిన్న గది ఇవ్వగలరేమో పాలకవర్గం పరిశీలించాలి. మరమ్మతు బల్లకు విశాలమైన గది అవసరం లేదు, నాలుగు రోడ్ల కూడలిలోనే ఉండనవసరమూ లేదు.

నాటక, సంగీత సంస్థలవారికి కూడా ఒక మాట మనవి చేస్తాను. ఆ యజమానికి సన్మానం చేస్తామని కొందరు పెద్దలు ముందుకు వచ్చారట. సంతోషమే గాని, శాలువాతో అద్దె తీరదు. ఆ ఖర్చునే వడ్రంగి పని వచ్చిన ఒకరిద్దరు యువకులకు నెలనెలా భత్యంగా ఇచ్చి ఆయన దగ్గర కూర్చోబెడితే, ఆ విద్య మరో తరానికి దక్కుతుంది. నేర్పడానికి తాను సిద్ధమేనని ఆయన నాతో స్వయంగా అన్నారు. నేర్చుకునేవారికి కూలి గిట్టాలి గదా అని కూడా అన్నారు. ఆ భత్యంలో మా భజన బృందం తన వంతు ఇస్తుంది.

కొట్టు ఇంకా రోజూ తెరుస్తూనే ఉన్నారు. మూలపడేసిన వాద్యాలున్న దేవాలయాలవారు, చర్చిలవారు, పాఠశాలలవారు వాటిని దసరా రద్దీకి ముందే అక్కడికి చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పాలకొల్లు మండలం, పశ్చిమగోదావరి జిల్లా.