మా ఆశక్కకు, డాక్టరమ్మకు, సిస్టర్‌కు కృతజ్ఞతలు

మొదటి కాన్పు. పాప బరువు ఎక్కువుండె, ఆఖరికి వాక్యూమ్ (తలకు కప్పు పెట్టి గుంజే మిషిన్) పెట్టి తీసిన్రు. పాప వచ్చే దారి దగ్గరైన చీలిక మలద్వారాన్ని బిగించే కండరం దాకా పోయింది. థర్డ్ డిగ్రీ అన్నరు. వెన్నుకు మత్తిచ్చి, థియేటర్లో కండరానికి వేరే, పైన చర్మానికి వేరే కుట్లేసిన్రు. ఇవన్నీ ఫేస్‌బుక్‌లో రాస్తవా అని ఇంట్లో ఒకరిద్దరు గునిగిన్రు. రాయకపోతే ఎవరికి ఎందుకు దండం పెడుతున్ననో ఎట్ల తెలుస్తది?

ముందు మా ఊరి ఆశక్కకు. దవాఖానల కాన్పైతే 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశ ఇంటికి రావాలె, ముఖ్యంగా పసిబిడ్డను చూసేతందుకు. అక్క పాపను తూకం వేసింది, జ్వరం చూసింది. తర్వాత మా అమ్మను చాయ్ పెట్టమని పంపి, తలుపు దగ్గరికేసి అడిగింది: “నీ కుట్లెట్లున్నయి బిడ్డా? దొడ్డికి సాఫ్‌గ అయితుందా? వాసనేమన్న వస్తుందా?” అప్పటిదాకా వచ్చినోళ్లంత పాప ఎవరి పోలికని అడిగినోళ్లే. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగిందని, ప్యాడ్ వాసనొస్తుందని చెప్పిన. ఇంకో మాట లేకుంట ఆటో మాట్లాడింది.

హన్మకొండల డాక్టరమ్మ చూసి, పైన రెండు కుట్లు ఊడి చీము పట్టింది, లోపల కండరం కుట్లు మాత్రం గట్టిగున్నయన్నరు. అప్పుడు నాకు వచ్చిన ఏడుపు నొప్పికి కాదు. శుభ్రం లేకనే ఇట్లయిందని చుట్టాలు అప్పటికే అంటున్నరు మరి. డాక్టరమ్మ ఆ మాట కొట్టిపారేసిన్రు. వాక్యూమ్‌తోనో, ఫోర్సెప్స్ (పాప తలను పట్టి తీసే పట్టకారు)తోనో కాన్పైతే, చీలిక లోతుగుంటే, ఒంటి బరువు ఎక్కువుంటే, పొగ తాగే అలవాటుంటే ఈ ముప్పు పెరుగుతదట. షుగరుంటే ఏ పుండైనా మానుడు ఆలస్యమే, నాకు కడుపుతో ఉన్నప్పుడు షుగరుండె. కుట్లేసేటప్పుడు యాంటీబయాటిక్ డోసు ఇస్తే ముప్పు తగ్గుతది కానీ పూర్తిగా పోదట. ఊడిన చోట మళ్లీ కుట్టలేదు, మందులిచ్చి, కడుక్కుంటుంటే లోపల్నుంచి అదే పూడుకుంటదన్నరు. పూడుకుంది.

సిస్టరమ్మ గ్లోవ్స్ డబ్బా మూత చింపి, దాని మీద పెన్నుతో గుండ్రంగ కండరం బొమ్మ గీసి, ఎక్కడ చీలింది, ఎక్కడ కుట్టిన్రు చూపించింది. ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలె, రుద్దొద్దు, మెత్తటి బట్టతో అద్దాలె, ప్యాడ్ తడిసేదాక ఆగొద్దు. అట్లనే మా అమ్మకు చెప్పింది: బాలింతకు తాగే నీళ్లు తక్కువ ఇస్తే, కూరగాయలు బంద్ చేస్తే మలం గట్టిపడుతది, ముక్కితే ఆ బరువంత కుట్ల మీదనే పడుతది. మలం మెత్తగ చేసే లాక్టులోజ్ సిరప్ ఆపొద్దు. అమ్మ మూతి ముడుచుకుంది. పొద్దుమీకి మాత్రం ఎల్లిపాయ కారం పక్కకు పెట్టి పాలకూర పప్పు చేసింది! అమ్మా, నీక్కూడా థాంక్స్.

ఇప్పుడు కింది కండరాలు బిగబట్టి వదిలే ఎక్సర్‌సైజులు చేస్తున్న. గ్యాస్ ఆపుకోలేకపోయినా, మలం లీకైనా సిగ్గుపడకుంట వెంటనే రమ్మన్నరు, ఇంకో కాన్పు అనుకుంటే ఈ ఫైలు ముందే చూపించమన్నరు. ఫైలు బీరువాల పెట్టిన.